థైరాయిడ్ అదుపులోకి వచ్చాక కూడా వాంతులు ఆగకపోతే

(చిక్కడపల్లిలో, పిల్లులను పెంచుకునే కుటుంబాల ఆదివారం సమావేశంలో ఒక పశువైద్యురాలు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. చాలామంది ఒడిలో ఫైళ్లు, రక్తపరీక్షల కాగితాలు కనిపిస్తున్నాయి. వాటిని చివర్లో తప్పకుండా చూస్తాను. ముందు నా చేతిలో ఉన్న ఈ పుస్తకం చూడండి. బడిపిల్లలు రాసుకునే మామూలు నోటుపుస్తకం ఇది. మారేడ్‌పల్లిలో ఉండే ఒక పెద్ద వయసు దంపతులు తమ పిల్లి కోసం మూడేళ్లుగా ఇలాంటివి రాస్తున్నారు. ఇది మొదటిది. వాళ్ల అనుమతితోనే తెచ్చాను. పిల్లి పేరు మల్లి. తెలుపు, నలుపు, గోధుమ రంగులు కలిసిన ఆడపిల్లి. నా దగ్గరికి మొదటిసారి వచ్చినప్పుడు దాని వయసు పదమూడేళ్లు.

మొదటి పేజీలో ఒకే వాక్యం ఉంది: "రోజుకు ఐదుసార్లు తింటోంది, అయినా వెన్నెముక చేతికి తగులుతోంది."

ఈ మాట నేను కొన్ని వందలసార్లు విని ఉంటాను. తిన్నది ఒంటికి పట్టడం లేదంటారు. రాత్రి రెండు గంటలకు లేచి అరుస్తోందంటారు. తెల్లవారుజామున పసుపు నురగ కక్కుతోందంటారు. చివర్లో మాత్రం ప్రతి ఒక్కరూ ఒకే మాట కలుపుతారు: వయసైపోయింది కదా డాక్టరమ్మా అని. వయసు జబ్బు కాదు. పదేళ్లు దాటిన పిల్లి బాగా తింటూ బరువు తగ్గుతోందంటే లోపల ఏదో జరుగుతోంది. దాన్ని వెతకాలి.

మల్లి విషయంలో దొరకడం కష్టం కాలేదు. గొంతు కింద వేళ్లతో మెల్లగా నిమిరితే బఠాణీ గింజంత గడ్డ తగిలింది. గుండె నిమిషానికి 250 సార్లు కొట్టుకుంటోంది. రక్తపరీక్షలో థైరాయిడ్ హార్మోను టీ4 విలువ 11 దాటింది. చాలా ప్రయోగశాలల్లో పిల్లికి నాలుగు దాటితేనే ఎక్కువ కింద లెక్క.

ఈ జబ్బు గురించి క్లుప్తంగా చెప్పి అసలు విషయానికి వస్తాను. శ్వాసనాళానికి అటూ ఇటూ ఉండే థైరాయిడ్ గ్రంథి ముసలి పిల్లుల్లో పెరిగి, అవసరానికి మించి హార్మోను తయారు చేస్తుంది. ఆ పెరుగుదల క్యాన్సర్ కావడం అరుదు, నూటికి రెండు మూడు మాత్రమే. 1979-80 ప్రాంతంలో అమెరికాలో దీన్ని పిల్లుల్లో ఒక ప్రత్యేక వ్యాధిగా మొదటిసారి వర్ణించారు. మా చదువు రోజుల్లో పాఠాలన్నీ ఆవులూ గేదెల చుట్టూ తిరిగేవి. పిల్లి థైరాయిడ్ గురించి నేను నేర్చుకున్నదంతా పిల్లుల దగ్గరే నేర్చుకున్నాను. అపార్ట్‌మెంట్లలో, తలుపుల లోపల పెరుగుతున్న పిల్లులు ఇప్పుడు పద్నాలుగు, పదహారేళ్లు బతుకుతున్నాయి. అందుకే ఈ జబ్బు మన ఊళ్లోనూ కనిపిస్తోంది.

హార్మోను ఎక్కువైతే ఒళ్లంతా పరుగెడుతుంది, పేగులు కూడా. ఆహారం పేగుల్లోంచి త్వరత్వరగా జారిపోతుంది, అరగాల్సినంత అరగదు. మలం మెత్తగా, ఎక్కువగా వస్తుంది. ఆకలి ఆపుకోలేక పిల్లి గబగబా మింగుతుంది, మింగినది కక్కుతుంది. అంటే వాంతులు, విరేచనాలు ఈ జబ్బు లక్షణాల్లో భాగమే. హార్మోనును అదుపు చేస్తే చాలా పిల్లుల్లో ఇవి వాటంతట అవే తగ్గుతాయి.

కానీ కొన్నింటిలో తగ్గవు. నేను ఈ రోజు వచ్చింది ఆ పిల్లుల గురించి మాట్లాడటానికే.

మల్లికి కార్బిమజోల్ మొదలుపెట్టాం. మనుషుల థైరాయిడ్‌కు వాడే మందే ఇది. పిల్లి ఒంట్లోకి వెళ్లాక మెథిమజోల్‌గా మారుతుంది. మోతాదు నేను ఈ సభలో చెప్పను, దయచేసి అడగకండి. పక్కింటి పిల్లి మోతాదు మీ పిల్లికి విషం కావచ్చు. నెల తిరిగేసరికి టీ4 రెండుకు వచ్చింది. బరువు మూడు వందల గ్రాములు పెరిగింది. ఇంట్లో అందరికీ పండగే. రెండో నెలలో బరువు ఆగింది. మూడో నెలలో మళ్లీ తగ్గడం మొదలైంది. వాంతులు వారానికి నాలుగు.

అప్పుడు నేను చేసిన తప్పు మీకు చెప్పాలి. థైరాయిడ్ ఇంకా పూర్తిగా లొంగలేదని అనుకున్నాను. మందు పెంచాను. ఆరు వారాల తర్వాత మల్లిని తీసుకొచ్చారు. మందకొడిగా, బల్ల మీద పెట్టిన చోటే కూర్చుంది. టీ4 0.6కి పడిపోయింది. కిడ్నీలు బలహీనపడితే రక్తంలో పెరిగే క్రియాటినిన్ అంతవరకూ 1.4 ఉండేది, 2.3 అయింది. వాంతులు మాత్రం అలాగే ఉన్నాయి. ఆ తాతగారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "ఇప్పుడేం చేద్దామమ్మా?" అని మాత్రం అడిగారు. ఆ రోజు ఇంటికి వెళ్లాక నాకు అన్నం సహించలేదు.

నేను కిడ్నీల సంగతి గుర్తుంచుకుని ఉండాల్సింది. థైరాయిడ్ ఉద్ధృతంగా ఉన్నప్పుడు కిడ్నీలకు రక్తం ఎక్కువగా పరుగెడుతుంది. దాంతో అవి నిజంగా దెబ్బతిని ఉన్నా పరీక్షలో బాగున్నట్టే కనిపిస్తాయి. హార్మోను తగ్గించగానే ఆ తెర తొలగిపోతుంది, అసలు పరిస్థితి బయటపడుతుంది. అవసరానికి మించి తగ్గిస్తే కిడ్నీలకు ఇంకా నష్టం. అందుకే మందు మొదలుపెట్టినా, మోతాదు మార్చినా రెండు నుంచి నాలుగు వారాల్లో టీ4తో పాటు క్రియాటినిన్ కూడా చూడాలి. రక్తపోటు కూడా కొలవాలి. పెరిగిన రక్తపోటుతో ఒక్క రాత్రిలో చూపు కోల్పోయిన పిల్లుల్ని చూశాను.

మల్లి మోతాదు తగ్గించాం. టీ4 మళ్లీ రెండు దగ్గరికి, క్రియాటినిన్ 1.9కి వచ్చాయి. అక్కడితో థైరాయిడ్ పాత్ర ముగిసింది. హార్మోను సరిగ్గా ఉన్నా పిల్లి కక్కుతోందంటే, చిక్కిపోతోందంటే పేగుకు సొంత జబ్బు ఉన్నట్టే. పైగా, మొదటి నెలలో పెరిగిన బరువు మూడో నెలలో పడిపోవడమే ఆ మాట చెప్పింది. కాగితం మీద రాసి ఉన్నా నేను దాన్ని చదవలేదు.

(సభలో ఒకరు: మా పిల్లికి గొంతులో గడ్డ ఉందన్నారు, కానీ టీ4 మామూలుగానే వచ్చింది. థైరాయిడ్ లేనట్టేనా అండీ?)

లేనట్టు కాదమ్మా. మంచి ప్రశ్న అడిగారు. పేగు జబ్బుగానీ, కిడ్నీ జబ్బుగానీ, మరే పెద్ద జబ్బుగానీ ఉన్నప్పుడు అది టీ4ను కిందికి లాగుతుంది. నిజానికి ఎక్కువ ఉండాల్సిన విలువ మామూలు పరిధిలోకి వచ్చి కూర్చుంటుంది. పరిధిలో పై సగంలో ఉండి, పిల్లి చిక్కిపోతూ, గొంతులో గడ్డ తగులుతుంటే ఆ ఒక్క కాగితంతో ఆగకూడదు. కొన్ని వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేయించండి. ఫ్రీ టీ4 అనే పరీక్ష కూడా ఉంది. కానీ దాన్ని ఒంటరిగా నమ్మకూడదు, మామూలు టీ4తో కలిపి చదవాలి. థైరాయిడ్ కిడ్నీని దాస్తుంది, పేగు థైరాయిడ్‌ను దాస్తుంది. ముసలి పిల్లితో వచ్చే చిక్కంతా ఇక్కడే ఉంది.

ఇంకో అనుమానం కూడా తీర్చుకోవాలి. వాంతి మందు వల్ల వస్తోందా? పది పిల్లుల్లో ఒకటి రెండింటికి ఈ మాత్ర కడుపులో తిప్పుతుంది, ఆకలి చంపుతుంది. అది సాధారణంగా మొదటి కొన్ని వారాల్లోనే తెలుస్తుంది. మాత్రకు ముందు లేని వాంతి మాత్రతో మొదలైతే మందును అనుమానించండి. మోతాదు తగ్గించి మెల్లగా పెంచడం ఒక దారి. చెవి లోపలి చర్మానికి రాసే జెల్ రూపం ఇంకో దారి. అది కడుపును అంతగా ఇబ్బంది పెట్టదు. పిల్లి ముఖం, మెడ రక్తం వచ్చేలా గోకుతున్నా, కళ్లు, చిగుళ్లు పచ్చబడినా మాత్ర ఆపి వెంటనే డాక్టరుకు ఫోను చేయండి. ఈ మాత్రను నూరకండి. గర్భిణులు చేతికి తొడుగు లేకుండా తాకకూడదు. మాత్ర మింగించాక సిరంజితో కొంచెం నీళ్లు పట్టండి, లేదా ఇష్టమైన ముద్ద ఒకటి పెట్టండి. నీళ్లు లేకుండా మింగించిన మాత్ర అన్ననాళంలో ఇరుక్కుని పుండు చేయవచ్చు.

ఇక పేగు దగ్గరికి వద్దాం. మూడు వారాలకు మించి సాగిన వాంతులనైనా, విరేచనాలనైనా దీర్ఘకాలిక సమస్యగానే చూడాలి. "పిల్లులన్నాక కక్కుతాయి, వెంట్రుకల ఉండలు" అంటారు. ఎప్పుడో ఒకసారి ఉండ వస్తే సరే. వారం వారం కక్కే పిల్లిని మామూలు పిల్లి అనకండి, నేను ఒప్పుకోను.

ముసలి పిల్లి పేగుల్లో తరచూ కనిపించేవి రెండు. ఒకటి పేగు గోడల్లో మంట, దీన్ని ఐబీడీ అంటారు. రెండోది పేగు లింఫోమా, అంటే ఒక రకం క్యాన్సర్. అందులోనూ మెల్లగా పెరిగే చిన్నకణాల రకం. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అల్ట్రాసౌండ్‌లో రెండింటిలోనూ పేగు గోడ మందంగా ఉండొచ్చు. తేడా తేల్చేది బయాప్సీ, అంటే పేగు నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష ఒక్కటే, కొన్నిసార్లు దానికీ అందదు. క్లోమం వాపు వీటితో కలిసి వస్తుంది. కాబట్టి దానికి ప్రత్యేకంగా ఉన్న రక్తపరీక్ష కూడా చేయించాలి. నులిపురుగులు, జియార్డియా లాంటివి ముందే చూసి తీసేయాలి. ఐదో అంతస్తులో ఉన్నా సరే, మనం చెప్పులతో కింద నుంచి మోసుకొస్తాం.

ఒక పరీక్ష గురించి మాత్రం నొక్కి చెబుతాను: విటమిన్ బి12. ఇది చిన్నపేగు చివరి భాగంలో ఒంటికి పడుతుంది. అక్కడ జబ్బు ఉంటే ఎంత తిన్నా పట్టదు. థైరాయిడ్ ఉన్న పిల్లుల్లోనూ ఇది తగ్గడం మామూలే. బి12 లేకపోతే ఆకలి చస్తుంది, మిగతా మందులు సరిగ్గా పని చేయవు. ఇది చవకైన మందు, ప్రమాదం లేని మందు. వారానికి ఒక ఇంజక్షన్ చొప్పున ఆరు వారాలు, తర్వాత నెలకొకటి. ఇంట్లోనే ఇవ్వడం నేర్పిస్తాం. మల్లికి బి12 బాగా తక్కువ ఉంది. మూడో ఇంజక్షన్ తర్వాత నోటుపుస్తకంలో అమ్మగారి చేతిరాతలో ఇలా ఉంది: "ఈ రోజు వంటింటి గట్టు ఎక్కింది. తిట్టలేదు."

ఆ తర్వాత ఆహారం. మనందరం ఓడిపోయేది ఇక్కడే, కాబట్టి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను.

పేగు మంటకు మొదటి మందు ఆహారం మార్చడమే. పేగు గుర్తుపట్టనంత చిన్న ముక్కలుగా ప్రొటీన్‌ను విడగొట్టిన ఆహారం, హైడ్రోలైజ్డ్ అంటారు, పశువైద్యశాలల్లో దొరుకుతుంది. లేదా ఆ పిల్లి పుట్టిన తర్వాత ఎప్పుడూ తినని మాంసం. హైదరాబాద్ పిల్లికి అలాంటిది వెతకడం తేలిక కాదు. కోడి అందరూ తిన్నదే. ప్యాకెట్ మీద చేప అని ఉన్నా లోపల కోడి ఉంటుంది. రాంనగర్ మార్కెట్ చేపలు ఆదివారం ఆదివారం తిన్నదే. ఎప్పుడూ తినకపోతే మేకమాంసం, ఉప్పూ కారం పసుపూ లేకుండా, ఉల్లి, వెల్లుల్లి తగలకుండా ఉడికించి పెట్టొచ్చు. ఉల్లి జాతి పిల్లి రక్తకణాల్ని పాడు చేస్తుంది. ఉత్త మాంసం రెండు మూడు వారాల పరీక్షకు సరిపోతుంది. జీవితాంతానికి సరిపోదు. కాల్షియం ఉండదు, ఉడికిస్తే పిల్లికి తప్పనిసరైన టారిన్ అనే పోషకం నీళ్లలోకి పోతుంది. గుణం కనిపిస్తే ఆ మాంసంతోనే సమతుల ఆహారం తయారు చేయించుకోవాలి.

పేగు సమస్యలో ఫలితం రెండు మూడు వారాల్లో తెలిసిపోతుంది. షరతు ఒక్కటే: మరేదీ నోట్లో పడకూడదు. మల్లికి మొదటి పరీక్ష విఫలమైంది. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. పదిహేడో రోజున నోటుపుస్తకంలో తాతగారి రాత: "మధ్యాహ్నం నేను పెరుగన్నం తినేటప్పుడు ఎదురుగా కూర్చుంటుంది. రోజూ ఒక ముద్ద పెడుతున్నాను. నాదే తప్పు." నేను ఆయన్ను ఎలా కోప్పడగలను? పదమూడేళ్లుగా మధ్యాహ్నం భోజనానికి ఆయనకు అదే తోడు. రెండోసారి మొదలుపెట్టినప్పుడు ఆయన మల్లి గిన్నె పక్కనే పీట వేసుకుని, ఆయన తినే సమయానికే దాని ఆహారం దానికి పెట్టారు. తోడు పోలేదు, ముద్ద మాత్రం మారింది. వాంతులు వారానికి నాలుగు నుంచి ఒకటికి దిగాయి.

పాల గురించి ఒక మాట. తెనాలి రామకృష్ణుడి పిల్లి పాలు చూడగానే పారిపోయిందని మనందరం చిన్నప్పుడు విన్నాం. మీ ముసలి పిల్లి కూడా పాలకు దూరంగా ఉంటే మంచిదే. పెద్దయిన పిల్లుల్లో పాలలోని చక్కెరను అరిగించే శక్తి చాలావరకు పోతుంది. విరేచనాలకు మందులు మింగిస్తూ రాత్రి గిన్నెడు పాలు పోసే ఇళ్లు నాకు తెలుసు.

ఇప్పుడు అసలు ఇరకాటం. థైరాయిడ్‌కు అయోడిన్ తగ్గించిన ఆహారం ఒకటి ఉంది. కిడ్నీకి ఫాస్ఫరస్ తగ్గించినది ఇంకొకటి. పేగుకు హైడ్రోలైజ్డ్ మరొకటి. మూడూ కలిపి పెడితే ఏదీ పని చేయదు. అయోడిన్ తగ్గించిన ఆహారం తినే పిల్లి మరే ఇతర తిండీ ముట్టకూడదు, చిన్న ముక్క కూడా. కాబట్టి పేగు జబ్బు ఉన్న పిల్లికి నేను థైరాయిడ్‌ను మందుకు వదిలేసి, గిన్నెను పేగుకు ఇస్తాను. కిడ్నీ జబ్బు మొదటి దశలో ఉంటే దాని ఆహారం కాస్త ఆగగలదు, నీళ్లు మాత్రం ఆగకూడదు. ఇది నా నిర్ణయం. మీ డాక్టరు వేరేలా అంటే కారణం అడిగి తెలుసుకోండి. అన్నిటికన్నా ముందు, ఎంత మంచి ఆహారమైనా పిల్లి తినకపోతే వ్యర్థం. రెండు రోజులు పూర్తిగా తిండి మానేస్తే కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది, ప్రాణానికే ముప్పు. "ఆకలేస్తే అదే తింటుంది" అనే మాట కుక్కకు చెల్లుతుందేమో, పిల్లికి చెల్లదు.

ఆహారంతో పూర్తిగా తగ్గకపోతే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మందు. మల్లికి బయాప్సీ వద్దని ఆ కుటుంబం నిర్ణయించుకుంది. మత్తు ఇవ్వడానికి గుండె, కిడ్నీల పరిస్థితి చూసి నేనూ ఒత్తిడి చేయలేదు. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, ఇంకా తగ్గిస్తూ వచ్చాం. ఈ మందుతో మధుమేహం రావచ్చు, నీళ్లు ఎక్కువ తాగుతుంటే చెప్పాలి. చిన్నకణాల లింఫోమా అని తేలితే దీనికి క్లోరాంబ్యుసిల్ అనే క్యాన్సర్ మందు తోడవుతుంది. క్యాన్సర్ అనే మాట వినగానే చేతులెత్తేయకండి. ఈ రకంలో చాలా పిల్లులు రెండేళ్లు, అంతకు మించి కూడా హాయిగా తింటూ బతుకుతాయి.

మలబద్ధకం గురించి త్వరగా చెప్పేస్తాను, కానీ ఇది మన ఎండల్లో ముఖ్యమైనది. థైరాయిడ్ అదుపులోకి వచ్చాక పేగుల వేగం తగ్గుతుంది. కిడ్నీ బలహీనమైతే నీరు బయటికి పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇసుక పళ్లెంలో మలం గోళీల్లా వస్తుంది. ముక్కీ ముక్కీ అక్కడే కక్కే పిల్లిని చూసి కడుపు జబ్బనుకుంటారు. తడి ఆహారం పెట్టండి, దానిలో ఇంకా నీళ్లు కలపండి. ఇంట్లో నాలుగు చోట్ల మట్టి మూకుళ్లలో నీళ్లు ఉంచండి. లాక్టులోజ్ సిరప్ డాక్టరు చెప్పినంత ఇవ్వండి. చంటిపిల్లలకు పట్టినట్టు ఆముదం పట్టకండి. బలవంతంగా నోట్లో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మందుల షాపులో మనుషులకు అమ్మే ఫాస్ఫేట్ ఎనిమా పిల్లిని చంపుతుంది. పారాసెటమాల్ ఒక్క మాత్ర కూడా చంపుతుంది. మగపిల్లి ముక్కుతుంటే అది మలం కోసమా, మూత్రం రాకనా అన్నది తేల్చుకోండి. మూత్రం ఆగితే ఆ గంటే ఆసుపత్రికి రావాలి.

ఆసుపత్రికి తెచ్చేటప్పుడు ఒక మనవి. థైరాయిడ్ పిల్లి గుండె ముందే పరుగులో ఉంటుంది. మే నెల మధ్యాహ్నం ఆటోలో సిగ్నళ్ల దగ్గర ఆగుతూ తెస్తే నోరు తెరిచి ఆయాసపడుతుంది. పిల్లి నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే అది అత్యవసర పరిస్థితి. పొద్దున్నే రండి, బుట్ట మీద తడి తువ్వాలు కప్పండి.

ఇక తూకం. నాలుగు కిలోల పిల్లి రెండు వందల గ్రాములు తగ్గితే, అరవై కిలోల మనిషి మూడు కిలోలు తగ్గినట్టు. ఎత్తుకుంటే చేతికి తెలియదు. మనుషుల తూకం యంత్రం అంత చిన్న తేడా పట్టుకోలేదు. పసిపిల్లల్ని తూచే యంత్రం కొనండి, లేదా గ్రాములు చూపే వంటింటి తూకం మీద అట్టపెట్టె పెట్టండి, అంత బరువు ఆపుతుందో లేదో చూసి. వారానికి ఒకసారి, ఒకే రోజు, తిండికి ముందు. పక్కన వాంతి ఎన్నిసార్లు, మలం ఎలా ఉంది, ఏ మందు ఎప్పుడు మారింది అన్నవి రాయండి. ఒకేసారి రెండు మార్పులు చేయకండి. ఆహారం, మాత్ర ఒకే రోజు మారిస్తే ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. నేను మల్లి మోతాదు పెంచిన రోజున ఈ పుస్తకం నా బల్ల మీదే ఉంది. తెరిచి ఉంటే పెంచేదాన్ని కాదు.

మల్లికి ఇప్పుడు పదహారేళ్లు. రోజుకు రెండుసార్లు కార్బిమజోల్, రెండు రోజులకోసారి కొద్దిగా ప్రెడ్నిసొలోన్, నెలకొక బి12 ఇంజక్షన్. తాతగారు నిన్న ఫోనులో గత ఆదివారం పేజీ చదివి వినిపించారు: "బరువు 3.7. ఈ వారం వాంతి ఒకటి. పొద్దున బాల్కనీలో ఎండకు పడుకుంది, పిలిస్తే తోక కదిపింది."

సరే, ఫైళ్లు తెచ్చినవాళ్లు ఒక్కొక్కరే ముందుకు రండి. రక్తపరీక్షల కాగితాలు తర్వాత చూద్దాం. ముందు బరువులు ఎక్కడైనా రాసి ఉంటే అవి చూపించండి.